నా వైపు బ్రేకు

4వ తేదీ, మంగళవారం

నా నోరు మూసేశారు. పదిహేను రోజులు.

ఇవాళ కంప్యూటర్లో ఆట తెరవగానే ఎర్రటి అక్షరాలు: "తోటి ఆటగాళ్ల ఫిర్యాదుల మేరకు మీ మైకు, మీ రాత, రెండూ పదిహేను రోజులు నిలిపివేశాం. మీరు ఆడవచ్చు. వినవచ్చు."

వినవచ్చట! ఎంత దయో చూడు. నా పక్క సీట్లో కూర్చుని స్టీరింగ్ పట్టుకున్న వాళ్లంతా నా మాట వినే డ్రైవింగ్ నేర్చుకున్నారు. అలాంటి నాకు వీళ్లు వినడం నేర్పుతారా?

ఒంటికాలి మీద లేచి ఇల్లంతా తిరిగాను. మా ఆయన లిఫ్టు బాగుచేసే పనిముట్లు సర్దుకుంటూ నా తిట్లన్నీ విని, సంచీలోంచి ఈ డైరీ తీసి బల్ల మీద పడేశారు. లిఫ్టు కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చిందట. "నోరు కట్టేశారుగా, ఇక చేత్తో తిట్టుకో. మాకు చెవులు మిగుల్తాయి" అన్నారు. సరే, చేత్తోనే తిడతాను. ఎవరు చదవొచ్చారు?

గోడ అవతల గదిలోంచి అత్తగారు కూడా అడిగారు. "ఏమ్మా, ఇవాళ ఆట లేదా? ఇల్లు ఇంత చప్పుడు లేకుండా ఉంటే నాకేదో భయంగా ఉందే." ఆవిడకి నేను గెలిచానో ఓడానో గోడలోంచే తెలిసిపోతుంది. గెలిస్తే ఒక్క కేక వేస్తాను. ఓడితే పేర్లు వినిపిస్తాయి.

ఫిర్యాదు చేసింది ఎదుటి జట్టు వాళ్లే. ఇంకెవరు చేస్తారు? ఓర్వలేని మొహాలు.

నేనేమన్నానని? ఉన్న మాటే అన్నాను.

5వ తేదీ, బుధవారం

తమ్ముడి పేరు పక్కన పచ్చచుక్క లేదు.

ఆటలో స్నేహితుల పట్టీ ఉంటుంది. ఎవరు లోపల ఉంటే వాళ్ల పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంది. వాడి పేరు పిచ్చుక. నా పేరు బ్రేకమ్మ. మా లెర్నర్లు చాటున నన్ను అలాగే పిలుస్తారు, అదేదో నేనే పెట్టేసుకుంటే పోలా అని పెట్టుకున్నాను. రెండేళ్లుగా సాయంత్రం ఏడయ్యేసరికి పిచ్చుక పక్కన చుక్క వెలిగేది. ఇప్పుడు జట్టులోంచి పేరే తీసేసుకున్నాడు. ఫోన్ చేస్తే ఎత్తడు.

మా ఇద్దరికీ ఫోన్లో మాటలు రావు. "తిన్నావా?" "ఆఁ." "ఆరోగ్యం?" "ఆఁ." అంతే, పెట్టేస్తాం. ఆటలో అయితే వాడు వాగుడుకాయ. మా ఆటలో ఐదుగురం కలిసి ఒక బండిని ఏటి ఒడ్డు నుంచి కోట గుమ్మం దాకా తోయాలి. ఎదుటి ఐదుగురు ఆపాలి. అందరూ చేరేదాకా ఏటి ఒడ్డున నిలబడి ఎదురుచూస్తాం చూడు, ఆ కాసేపట్లోనే వాడు కడుపులో ఉన్నదంతా చెప్పేవాడు. ఫోటో స్టూడియో మూసేస్తున్నానని కూడా అక్కడే చెప్పాడు. "అక్కా, నీకే ముందు చెప్తున్నా" అన్నాడు. నేను "సరేలేరా, బండి కదులుతోంది, చూసుకో" అన్నాను.

ఆ ఏటి ఒడ్డు కూడా లేకపోతే ఇక మాకు మాట్లాడుకునే చోటే లేదు. రెండు గంటల ప్రయాణం దూరంలో ఉంటాడు. అయినా ఇంటికి వెళ్తే మాత్రం ఏం మాట్లాడతాం, గోడలు చూస్తూ కూర్చుంటాం.

వాడు జట్టు వదిలిన రోజు జరిగింది రాస్తాను, అప్పుడైనా న్యాయం ఎటుందో తెలుస్తుంది. పోటీలో చివరి ఆట. బండి గుమ్మం ముందుకు వచ్చేసింది. ఆగమన్నాను. వాడు ఆగలేదు. పక్కగోడ దూకి లోపలి నుంచి తలుపు తీస్తానని ఒక్కడే వెళ్లాడు, చచ్చాడు. బండి వెనక్కి పోయింది, ఓడిపోయాం. అప్పుడు అన్నాను. "ఆటలోనూ ఇంతే, బయటా ఇంతే. నీ చేతిలో పెట్టిందేదీ నిలవదు."

ఆట అయ్యాక కాసేపు రెండు జట్ల మైకులూ కలుస్తాయి, పదిమందీ విన్నారు.

నిజం నిష్ఠూరంగానే ఉంటుంది మరి.

6వ తేదీ, గురువారం

ఎత్తలేదు.

7వ తేదీ, శుక్రవారం

ఐదోవాడు లేకపోతే ఆటే ఎవరినో ఒకరిని తెచ్చి పడేస్తుంది. ఇవాళ పడేసింది గుమ్మడి అనే పేరున్న మనిషిని. ఆడో మగో తెలియదు, మాట్లాడదు. బండి ఒకవైపు వెళ్తుంటే గుమ్మడి ఇంకోవైపు వెళ్తుంది. ఏటి మీద వంతెన ఇంత వెడల్పున ఉంటే నేరుగా వెళ్లి నీళ్లలో పడింది. రెండుసార్లు!

నా గొంతులో ఎన్ని మాటలు అడ్డం పడ్డాయో. ఈ శిక్షలో ఉన్నవాళ్లకి మూడే గుర్తులు మిగులుతాయి: "ఇక్కడ", "జాగ్రత్త", "బాగుంది". నొక్కితే తెరమీద వెలుగుతాయి. గుమ్మడి రెండోసారి నీళ్లలో పడ్డప్పుడు నా వేలు పొరపాటున "బాగుంది" మీద పడింది.

మా జట్టులో తాతగారు ఉన్నారు. లెక్కల మాస్టారుగా చేసి దిగిపోయారు. నెమ్మదిగా మాట్లాడతారు. ఆయన "గుమ్మడీ, కంగారుపడకమ్మా, ఆ వంతెన దగ్గర మేమందరం మునిగి తేలినవాళ్లమే" అన్నారు. ఆయన నాలుగు నెలలపాటు మునిగారు. తేల్చింది నేను. ఎలా తేల్చానో ఆయనకే తెలుసు పాపం.

ఓడిపోయాం. అత్తగారు "ఏమైంది?" అని గోడ కొట్టి అడిగారు. ఏం చెప్పను?

8వ తేదీ, శనివారం

పొద్దున లైబ్రరీ మేడంకి క్లాసు. పుస్తకాల మధ్య బతికిన మనిషి కదా, కారు నడిపేటప్పుడు కూడా పేజీ తిప్పినంత నెమ్మదిగా తిప్పుతుంది. టెస్టు రెండుసార్లు తప్పింది. నా పక్కన ఉంటే బాగానే నడుపుతుంది, టెస్టు కారులో కూర్చోగానే కూడలిలో బొమ్మలా ఆగిపోతుందట. లేదంటే ఆగాల్సిన చోట ఆగదు.

"నేనున్నానుగా మేడం, మీరు నడపండి" అని చెప్పాను. ఈ మాట రోజుకి ఎన్నిసార్లు అంటానో. నాకు ఓపిక లేదని ఎవరైనా అంటే వచ్చి నా కారులో కూర్చోమనండి. ఇవాళ మేడం సైకిలతన్ని రాసుకుంటూ వెళ్లబోతే చిరునవ్వు చెదరకుండా నా వైపు బ్రేకు నొక్కాను. నేర్పే కార్లలో రెండో బ్రేకు మా కాళ్ల దగ్గర ఉంటుంది. అదే లేకపోతే నేనీపాటికి సగం ఊరిని తిట్టి ఉండేదాన్ని.

మా ఆయన ఒక మాట అన్నారు. ఆటాడేటప్పుడు కూడా నా కుడికాలు నేలని తొక్కుతూ ఉంటుందట, చెప్పు అరిగేలా. "అక్కడ బ్రేకు లేదుగా, అందుకే నోరు లేస్తుంది నీకు" అన్నారు. లిఫ్టులు బాగుచేసే మనిషికి మనుషుల సంగతి ఎందుకో.

9వ తేదీ, ఆదివారం

పచ్చచుక్క లేదు.

శుక్రవారం వేలు పొరపాటున పడలేదు. కావాలనే నొక్కాను. గుమ్మడికి మండాలని నొక్కాను. ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

10వ తేదీ, సోమవారం

అరికాలి మంట నెత్తికెక్కింది ఇవాళ.

మా జట్టులో గాయపడ్డవాళ్లని లేపే పని సిరంజిది. బయట కూడా ఆసుపత్రిలో నర్సే. ఆట మొదలవకముందు ఏటి ఒడ్డున నిలబడి ఉన్నట్టుండి, "బ్రేకమ్మక్కా, మీరు సమాధానం చెప్పలేరు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నా. ఆ రిపోర్టు కొట్టింది నేనే" అంది.

నేను కుర్చీలోంచి లేచిపోయాను.

"నేనూ కొట్టాను" అన్నాడు బేకరీ. బేకరీలో పనిచేస్తాడు కాబట్టి ఆ పేరు. ఓవెన్లో రొట్టెలు పెట్టి ఆడుకుంటాడు, గంట మోగితే యుద్ధం మధ్యలోనైనా పారిపోతాడు. వాడూనా! నేను నేర్పితే ఆటలో కర్ర పట్టుకోవడం వచ్చిన వాడు!

సిరంజి ఆపలేదు. "రోజంతా వార్డులో అరుపులు వింటానక్కా. నొప్పితో అరుస్తారు, వాళ్లని ఏమీ అనలేం. ఇంటికొచ్చి కాసేపు ఆడుకుందామంటే ఇక్కడా అరుపులే. పిచ్చుకని అన్నారు చూడండి, ఆ మాట విన్న వెంటనే రిపోర్టు మీట నొక్కేశాను. అతను మాత్రం 'సారీ అక్కా' అని వెళ్లిపోయాడు. అది మీరు విన్నారా?"

వినలేదు. నేను ఇంకా అరుస్తూనే ఉండి ఉంటాను.

తాతగారు దగ్గి, "నేను కొట్టలేదు తల్లీ. నాకా మీట ఎక్కడుందో తెలియదు" అన్నారు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కోపంలోనే వచ్చింది, ఎవరికీ వినపడలేదు.

వారం నుంచి ఎదుటి జట్టుని తిట్టుకుంటూ కూర్చున్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే ఉంది నా సంగతి.

11వ తేదీ, మంగళవారం

నేను నోరు మూసుకుంటే జట్టు కుప్పకూలుతుందనుకున్నాను. ఇవాళ గెలిచారు. గెలిచాం.

నేను చెప్పకపోతే తాతగారు వంతెన దాటరనుకున్నాను. ముందే దాటి నిలబడ్డారు. బేకరీ తనంతట తనే వెనక కాపలా కాశాడు. నా గొంతు ఆగాక వీళ్లు ఒకళ్లనొకళ్లు అడుగుతున్నారు. "నేను ఎడమకి వెళ్లనా?" "వెళ్లు, నేను చూస్తా." ఇంతకుముందు ఎడమా కుడీ అన్నీ నేనే. చెప్పొద్దూ, గెలిచినందుకు సంతోషం వేసింది, నేను లేకుండా గెలిచినందుకు ఒళ్లు మండింది. రెండూ ఒకేసారి.

మళ్లీ మా జట్టులోనే పడ్డ గుమ్మడి వంతెన దాటింది. ఎవరూ చెప్పకుండానే ఒక్కో అడుగూ వేసుకుంటూ దాటింది. "బాగుంది" నొక్కాను. ఈసారి నిజంగానే.

అటునుంచి "జాగ్రత్త" అని వెలిగింది. పాపం, మొన్నటిది మర్చిపోలేదు.

12వ తేదీ, బుధవారం

లైబ్రరీ మేడం ఇవాళ కూడలిలో కారాపి, ఇంజనూ ఆపి, నావైపు తిరిగింది. వెనక హారన్లు.

"ఒక మాట అడగనా? మీరేమీ అనుకోకూడదు."

"ముందు కారు తీయండి మేడం."

"తీస్తాను. మీరు కాలు తీయండి."

"ఏ కాలు?"

"మీ కుడికాలు. అది ఎప్పుడూ బ్రేకు మీదే ఉంటుంది. నేను రోడ్డు చూడట్లేదండీ, మీ మోకాలే చూస్తున్నాను. అది కదిలితే ఆగాలని అర్థం, కదలకపోతే వెళ్లొచ్చని అర్థం. టెస్టులో మీ మోకాలు ఉండదుగా, మరి నాకెలా తెలుస్తుంది ఎప్పుడు ఆగాలో?"

ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు. నేనే సృష్టించిన వింత ఇది: నాకు భయపడి ఆగడం వచ్చిన మనిషికి రోడ్డు చూసి ఆగడం రాలేదు. "నేనున్నాను, మీరు నడపండి" అని నోటితో అంటూ, కాలితో మాత్రం నేనే నడుపుతున్నాను.

చెప్పులు విప్పి కాళ్లు రెండూ సీటు మీదికి ముడుచుకుని కూర్చున్నాను. మేడం గుండె ఆగినంత పనైంది, నాదీ ఆగినంత పనైంది. తర్వాతి కూడలిలో తనే ఆగింది. గీతకి ఇంత అవతల, అది వేరే సంగతి. ఆగిందా లేదా?

దారంతా తమ్ముడు గుర్తొచ్చాడు. వాడికి కారు నేర్పింది కూడా నేనే. లైసెన్సు వచ్చాక ఒక్కసారి కూడా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడపలేదు. "నువ్వే నడుపు అక్కా, నాకు కళ్లు నొప్పి" అంటాడు. ఎన్నేళ్లు వాడి కళ్లు నొప్పి పెట్టాయో, పిచ్చిదాన్ని, కంటి డాక్టరు దగ్గరికి వెళ్లరా అని పోరేదాన్ని.

14వ తేదీ, శుక్రవారం

వాడు కనిపించాడు. ఎదుటి జట్టులో.

ఆట మొదలయ్యే ముందు పదిమంది పేర్లూ వస్తాయి. అటువైపు రెండో పేరు పిచ్చుక. సిరంజి "అక్కా, చూశారా?" అంది.

వాళ్ల బండి గుమ్మం ముందుకు వచ్చినప్పుడు వాడేం చేస్తాడో నాకు తెలుసు. పక్కగోడ దగ్గర నేనే కాపు కాయాలి. కాశాను. వాడు దూకాడు, పడ్డాడు. ఆట నడుస్తుండగా వాళ్ల మైకు మాకు వినపడదు, కానీ వాడు పడ్డాడని వాళ్లెవరూ ఆగిపోలేదు. మళ్లీ దూకాడు. నా పక్కనుంచే దూకాడు, నేను తిరిగేలోపు తలుపు తీసేశాడు. అయ్యబాబోయ్, ఏం దూకాడు! రెండేళ్లుగా వద్దు వద్దు అని నేనాపిన దూకుడు అది.

ఓడిపోయాం. చివర్లో అందరూ ఒకచోట నిలబడతారు కాసేపు. ఏదో ఒకటి చెప్పాలని నా ప్రాణం కొట్టుకుంది. నా చేతిలో ఉన్నది ఒక్కటే. "బాగుంది" నొక్కాను.

వాడు ఆ క్షణమే వెళ్లిపోయాడు.

వాడికేం తెలుసు? చిన్నప్పుడు వాడు పాలగిన్నె ఒలకబోస్తే నేను చేతులు కట్టుకుని నిలబడి "బాగుంది, చాలా బాగుంది" అనేదాన్ని. నా నోట ఆ మాటకి వాడికి తెలిసిన అర్థం అదొక్కటే. ఇంకో అర్థం ఉందని ఇన్నేళ్లలో నేను చూపించలేదు.

ఏడ్చాను. రాయడానికి సిగ్గెందుకు, ఏడ్చాను.

15వ తేదీ, శనివారం

అత్తగారు నా మొహం చూసి కూర్చోబెట్టారు. మొత్తం చెప్పాను. ఆటంటే ఆవిడకి తెలియదు, బండి, గోడ, ఏరు అంటుంటే నిజంగా ఎక్కడో ఏటి ఒడ్డునే కొట్టుకున్నామనుకున్నారు. చివరికి మాత్రం అసలు సంగతి పట్టుకున్నారు.

"కాలు జారితే తీసుకోగలం గానీ, నోరు జారితే తీసుకోలేమమ్మా."

"తెలుసు అత్తయ్యా. మరి ఏం చేయమంటారు?"

"తీసుకోలేమన్నాను గానీ, వెళ్లొద్దన్నానా? మనిషి దగ్గరికి మనిషి వెళ్లాలి. ఆ గుర్తులూ గోడలూ నాకు తెలియవు."

మా ఆయన లోపలి నుంచి "నేను రాను, మీ అక్కాతమ్ముళ్ల మధ్య ఇరుక్కోవడం లిఫ్టులో ఇరుక్కోవడం కన్నా కష్టం" అన్నారు.

16వ తేదీ, ఆదివారం

వెళ్లాను. మాకున్నది డ్రైవింగ్ స్కూలు కారే. నెత్తిన "నేర్చుకుంటున్నారు, దూరం పాటించండి" అని బోర్డుతో రెండు గంటలు ఒక్కదాన్నే నడుపుకుంటూ వెళ్లాను. దారిలో అందరూ నిజంగానే దూరం పాటించారు.

వాడిప్పుడు దుకాణాల బోర్డులు ప్రింటు చేసే చోట చేరాడని వాడి పక్కింటివాళ్లు చెబితే అక్కడికే వెళ్లాను. వాడు నాకు చెప్పలేదు. మెట్ల కింద చిన్న గది, రంగు వాసన, చేతులకి నీలం మరకలు. నన్ను చూసి "ఏమైంది? అందరూ బాగున్నారా?" అన్నాడు ముందు. మంచివాడు వెధవ.

నేను నిలబడే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని. "ఆ రోజు నేనన్నది తప్పురా. అందరి ముందూ అన్నాను."

వాడు గుడ్డతో వేళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు. "అందరి ముందూ అన్నందుకు కాదక్కా. అది కోపంలో పుట్టిన మాట కాదు. చాలా రోజుల్నుంచి నీ మనసులో ఉన్న మాట. స్టూడియో సంగతి నీకే ముందు చెప్పుకున్నాను. నువ్వు మాత్రం లోపల నన్ను అలా తూకం వేస్తున్నావని తెలిసింది. అదీ నా బాధ."

కాదని అందామనుకున్నాను. కానీ "అనుకున్నానురా" అన్నాను. "నువ్వేది మొదలుపెట్టినా పడిపోతావేమోనని నాకు భయం. ఆ భయంతోనే నీ గురించి అలా అనుకుంటూ వచ్చాను. మొన్న నువ్వు గోడ దూకావు చూడు, అప్పుడు తెలిసింది నాకు."

"వెక్కిరించావుగా."

"నిజంగా నొక్కానురా! నా దగ్గర మూడే మీటలున్నాయి, ఏం చేయను? మీ అక్క నోరు మూసేశారు తెలుసా నీకు?"

తెలియదట. పదిహేను రోజులని చెప్తే ముందు నమ్మలేదు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీకా? నువ్వా? పన్నెండు రోజులు మాట్లాడకుండా ఆడావా?" అంటూ కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వాడు. తిడదామనుకుని ఊరుకున్నాను. నవ్వనీ.

తాళాలు వాడి చేతిలో పెట్టాను. "పద, ఎక్కడైనా టీ తాగుదాం. నువ్వు నడుపు."

"నాకు కళ్లు..."

"నీ కళ్లకేం కాలేదు. నడుపు."

నేను నా వైపు కూర్చుని కాళ్లు సీటు మీదికి ముడుచుకున్నాను. వాడు ఓరగా చూశాడు గానీ అడగలేదు. వీధి మలుపు దగ్గర బస్సొకటి ముందుకి దూసుకొచ్చింది. నా కుడికాలు సీటు మీదే గట్టిగా తన్నుకుంది. చేత్తో పట్టుకున్నాను, నోరు కూడా పట్టుకున్నాను. కారు కుదుపుతో ఆగింది. వాడే ఆపాడు. బస్సు వెళ్లిపోయింది.

"అక్కా, బ్రేకు కొట్టలేదేం?"

"నీ దగ్గర కూడా ఉందిగా" అన్నాను.

వాడు గేరు మార్చి కాస్త దూరం వెళ్లాక రేడియో పెట్టాడు. నేనుండగా వాడు రేడియో పెట్టడం ఇదే మొదలు.

టీ తాగేటప్పుడు మాత్రం తేల్చి చెప్పాడు. "నేను మీ జట్టులోకి తిరిగి రాను అక్కా. అక్కడ దూకుతానంటే దూకమంటారు. పడితే నవ్వుతారు, మళ్లీ దూకమంటారు. నాకక్కడ హాయిగా ఉంది."

ఎప్పటిలా వాడూ నేనూ ఒకే ఒడ్డున నిలబడతామని అనుకుంటూ వచ్చాను రెండు గంటలూ. "సరే" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి టీ మొత్తం చల్లారింది.

17వ తేదీ, సోమవారం

పచ్చచుక్క వెలిగింది. నేనేమీ నొక్కలేదు. ఊరికే చూశాను.

18వ తేదీ, మంగళవారం

లైబ్రరీ మేడం పాసైంది! ఫోన్ చేసి, "మీ మోకాలు లేకుండానే" అంది. ఆవిడ భర్త పక్కనుంచి ఏమనుకున్నాడో.

19వ తేదీ, బుధవారం

మైకు వచ్చింది.

ఏడింటికి వాళ్ల జట్టు నుంచి పిలుపు: మీరూ మేమూ, ఒక స్నేహపు ఆట. పంపింది పిచ్చుక. మా సిరంజి "అక్కా, ఇక మాట్లాడొచ్చుగా మీరు, ఏమైనా చెప్తారా?" అంది. ఆ గొంతులో భయం నాకు వినపడింది. ఇంతకుముందు కూడా ఉండే ఉంటుంది, నేను వినలేదు, అంతే.

"నాకు మైకు వచ్చిందని మీరందరూ మళ్లీ రిపోర్టు కొట్టకుండా ఉంటే చాలు" అన్నాను. బేకరీ పడీపడీ నవ్వాడు. గుమ్మడి కూడా మొదటిసారి మాట్లాడింది. చిన్న గొంతు, ఎక్కడో బ్యాంకు కౌంటర్లో పనిచేస్తుందట. "మేడం, వంతెన దగ్గర నేను ముందు వెళ్లనా?" అని అడిగింది. వద్దు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. "వెళ్లు. నేను వెనకాల ఉన్నాను" అన్నాను.

నీళ్లలో పడింది. "పర్వాలేదు, ఈత వచ్చాక చెప్పు" అన్నారు తాతగారు. నేనేమీ అనలేదు. కాలు మాత్రం నేలని తొక్కింది, దాన్నిప్పుడే మార్చలేను.

బాగా ఆడాం. నిజంగా బాగా ఆడాం. అయినా చివర్లో వాడు గోడ దూకాడు. నేను అక్కడే ఉన్నాను, చూస్తూనే ఉన్నాను, ఈసారి ఇంకో మూల నుంచి దూకాడు, దొంగ పిచ్చుక. తలుపు తెరుచుకుంది. ఓడిపోయాం.

అందరూ ఒకచోట నిలబడ్డారు. ఆ కాసేపు రెండు జట్ల మైకులూ కలుస్తాయి. వాడి జట్టు వాళ్లు కేకలు వేస్తున్నారు. నేను గొంతు సవరించుకున్నాను. అప్పుడు పదిమంది ముందు అన్నాను కదా, ఇది కూడా పదిమంది ముందే అనాలి.

"పిచ్చుకా, ఆ రోజు నీ చేతిలో ఏదీ నిలవదన్నాను. తప్పు మాట. బాగా ఆడావురా."

కేకలు ఆగిపోయాయి. ఎవరిదో ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది.

"వెక్కిరింపా?" అన్నాడు వాడు.

"కాదు."

అప్పుడు వాడు ముక్కు ఎగపీల్చిన చప్పుడు వినిపించింది, జలుబేమో అనుకుందాం.

"ఇంకో ఆట ఆడదామా అక్కా?"

"ఆడదాం."

బేకరీ "ఆగండాగండి, నా రొట్టెలు మాడుతున్నాయి" అని పరిగెత్తాడు. వాడు వచ్చేదాకా తమ్ముడూ నేనూ ఏటికి చెరో ఒడ్డున నిలబడి ఉన్నాం. బోర్డుల పని గురించి చెప్పాడు. ఒక కొట్టువాడి పేరు తలకిందులుగా ప్రింటు చేశాడట, వాడు చూసుకోకుండా డబ్బులిచ్చి తగిలించుకున్నాడట. నవ్వీ నవ్వీ నాకు పొట్ట నొప్పి పుట్టింది. ఏమీ చెప్పలేదు నేను, వింటూ ఉన్నాను.

గోడ అవతల నుంచి అత్తగారు పిలిచారు. "ఏమ్మా, గెలిచావా, ఓడావా? ఇవాళ ఒక్క ముక్క అర్థం కావట్లేదు నాకు."

"ఓడిపోయాను అత్తయ్యా" అన్నాను, నవ్వుతూనే.